మంచుకొండ మీద చేపల వాసన

మొన్న ఆదివారం మా మనవరాలు లహరి నన్ను కదిలే సీట్ల సినిమాకి తీసుకెళ్ళింది. తెర మీద ఏదో పడవ అలల్లో చిక్కుకుంది, నా సీటు ఒక్కసారిగా ముందుకు ఒరిగింది, ఎక్కడినుంచో సన్నటి చల్లటి తుంపర వచ్చి ముక్కు మీద పడింది. హాలంతా కెవ్వున అరిచింది. నేను మాత్రం ఊపిరి గట్టిగా పీల్చి చూశాను. నీళ్ళకి ఏ వాసనా లేదు. శుభ్రమైన, ఊరూ పేరూ లేని నీళ్ళు. "ఛ, చేపల వాసనేదీ?" అన్నాను పైకే. పక్కసీటాయన నా వైపు అదోలా చూశాడు. లహరి నా చెయ్యి గిల్లింది.

గిల్లిందే గాని ఆ మాట దానికి కొత్తేం కాదు. దానికి ఊహ తెలిసిన దగ్గర్నుంచి నేను చెబుతున్న కథ ఒకటుంది: వాసనొచ్చే సినిమాని ప్రపంచంలో మొట్టమొదట చూపించింది మన విశాఖపట్నంలోనే, చూపించింది మీ తాతే అని. ఈ కథ మా వీధిలో అందరికీ తెలుసు. మద్దిలపాలెంలో నాకు క్షవరం చేసే ఆయనకి కంఠతా వచ్చు. మా వియ్యంకుడు రెండుసార్లు విని, మూడోసారి మొదలుపెట్టగానే ఫోనొచ్చిందని లేచిపోయాడు. చెప్పినప్పుడల్లా జనం పెరుగుతూ వచ్చారు. మొదట్లో వందమంది చూశారనేవాణ్ణి, తర్వాత అయిదువందలయ్యారు, మొన్నామధ్య ఒక పెళ్ళి భోజనాల్లో వెయ్యి దాటించాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గనక సరిచేస్తాను. ఆ హాల్లో ఉన్నవి ఇరవైనాలుగు సీట్లు. అందులో ఒకటి విరిగింది.

తొంభైల చివర్లో మాట. బీచ్ రోడ్డు పక్కన ఒక పార్కు మూలగా రేకుల షెడ్డులో కదిలే సీట్ల సినిమా పెట్టారు. అప్పటికి ఊళ్ళో అలాంటిది ఎవరూ చూడలేదు. ఎనిమిదేసి సీట్లు చొప్పున మూడు వరసలు, ఒక్కో వరస కింద నూనె ఒత్తిడితో లేచి దిగే ఇనప గొట్టాలు. తెర మీద బండి మలుపు తిరిగితే సీట్లూ ఒరగాలి, గోతిలో పడితే సీట్లూ పడాలి. ఉన్నవి రెండే బొమ్మలు, మంచుకొండ మీద జారే బండిదొకటి, తుపానులో ఓడదొకటి; ఒక్కోటి పది నిమిషాలే. నేను గోదావరి జిల్లా నుంచి పోర్టులో పనికని వచ్చినవాణ్ణి. కాంట్రాక్టు అయిపోయి ఖాళీగా తిరుగుతున్న రోజుల్లో ఈ షెడ్డుకి మనిషి కావాలంటే వెళ్ళాను. నలభై అయిదేళ్ళ మీసం దువ్వుకుని, ఓడల్లో ఇంజనీరుగా చేశానని చెప్పాను. నిజానికి ఓడల్లో నేను చేసింది గ్రీజు పూయడం.

అక్కడ నన్ను పరీక్షించినాయన అప్పలస్వామి మేస్త్రి. పోర్టులో ముప్ఫై ఏళ్ళపైన సరుకు ఎత్తి దించే వించి యంత్రాల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. సన్నటి గడకర్రలా ఉండేవాడు, ఎంత ఉక్కబోసినా చొక్కాకి మెడదాకా బొత్తాలు పెట్టుకునేవాడు. నా మాటలన్నీ తల ఊపుతూ విని, నా చేతులు రెండూ తిప్పి చూశాడు. గోళ్ళ సందుల్లో నలుపు చూశాడు. ఒక గ్రీజు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇదిగో ఇంజనీరు బాబూ, మీ ఆఫీసు. తాళం అక్కర్లేదు, మూత ఉంది."

"మేస్త్రీ గారూ, నేను నిజంగానే..."

"మరేటి, మీ గోదారోళ్ళు మాటల్తో వంతెనలు కట్టీగలరు. నాను కాదన్నానా? ముందు కింద గొట్టాలకి పూసీ."

ఆ రోజునుంచి నా పేరు గోదారి. మా అమ్మ పెట్టిన పేరు ఆయన ఏనాడూ అడగలేదు.

ఆ మిషనుకి మొదట కంప్యూటరు ఉండేదట. సముద్రపు గాలికి ఆరునెలల్లో అది తుప్పు పట్టి కూచుంది. ఇక మూసేద్దామని విజయవాడలో ఉన్న ఓనరు కబురు పెడితే, మేస్త్రి మిషను పక్కనున్న ఇనపపెట్టె విప్పి, లోపల వరసకొకటి చొప్పున మూడు చేతి లివర్లు ఉన్నాయని కనిపెట్టాడు. వారంరోజులు ఖాళీ సీట్లని ఊపి ఊపి నేర్చుకున్నాడు. అప్పట్నుంచి ఆ బొమ్మకి కంప్యూటరు ఆయన రెండు చేతులే. హాలు వెనక గోడకి చిన్న కిటికీ, దాని వెనక స్టూలు, స్టూలు మీద ఆయన. రెండు లివర్లు చేతుల్తో, మూడోది మోకాలితో నడిపేవాడు.

నెల తిరిగాక నన్ను ఆ స్టూలు మీద కూచోబెట్టాడు. బండి మలుపు ఎప్పుడొస్తుందా అని నేను కళ్ళార్పకుండా తెర చూస్తున్నాను. తలమీద నూనెగుడ్డ పడింది.

"తెరకేసి ఎందుకు సూత్తన్నావు? దానికేటి, రోజూ ఒకేలాగ ఆడతాది. ముందున్న మెడలు సూడు."

"మెడల్లో ఏముంటుంది మేస్త్రీ గారూ?"

"అంతా అక్కడే ఉంతాది. భయపడినోడి మెడ భుజాల్లోకి దిగిపోతాది. సరదా పడినోడి మెడ సాగుతాది. సాగినోణ్ణి ఇంకొంచెం ఎగరెయ్యి. దిగినోణ్ణి మెల్లగా దించు. బస్తా దించినప్పుడు ఓడకేసి సూత్తామా, కింద ఉన్న కలాసీకేసి సూత్తాం గానీ."

అందుకే ఆయన టిక్కెట్టు మీది సీటు నంబరు పట్టించుకునేవాడు కాదు. గుమ్మం దగ్గర నిలబడి మనుషుల్ని ఏరేవాడు. స్టీలుప్లాంటు కుర్రాళ్ళూ, ద్వారకా నగర్ కోచింగు సెంటర్ల వాళ్ళూ మొదటి వరస. సంసారులు మధ్య వరస. ముసలివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, నడుంనొప్పివాళ్ళు చివరి వరస. బొమ్మ ఒకటే, ప్రయాణాలు మూడు. మొదటి వరస గాల్లోకి ఎగిరి పడుతుంటే చివరి వరస ఉయ్యాలలో ఉన్నట్టుండేది.

ఒకరోజు మధ్యాహ్నం ఫిషింగ్ హార్బర్లో చేపలమ్ముకునే నూకాలు, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వచ్చింది. యాభై దాటిన మనిషి. మంచుకొండ బొమ్మ వద్దు, ఓడ బొమ్మే కావాలంది.

"రోజూ సముద్రం పక్కనే ఉంతావు, మళ్ళీ సముద్రమే ఎందుకే?" అన్నాడు మేస్త్రి.

"పక్కనున్నాను గానీ ఎక్కినానేటి? మా ఆడోళ్ళని బోటెక్కనిత్తారేటి? మా ఆయన ముప్పయ్యేళ్ళనుంచి ఎల్తన్నాడు. ఎలగుంతాదీ అంటే ఊగుతాదంటాడు, మరి సెప్పడు. ఎలగ ఊగుతాదో సూద్దామని."

మేస్త్రి ఆవిణ్ణి చివరి వరసలో ఒక్కదాన్నే కూచోబెట్టాడు. ఆ రోజు ఆయన తెర మీది ఊపుతో పోటీ పడలేదు. తెర మీద తుపాను చెలరేగుతుంటే ఆయన మోకాలు మాత్రం నెమ్మదిగా, తెల్లవారుజామున బోటు హార్బరు దాటి వెళుతున్నట్టు, ఒక పక్కకి ఒరిగి, కొంచెం ఆగి, మళ్ళీ రెండో పక్కకి ఆ వరసని తేల్చింది. బొమ్మ అయిపోయినా నూకాలు లేవలేదు. కాసేపటికి కిటికీ దగ్గరికొచ్చి, "ఇదా! ఇంత హాయిగా ఉంతాదా! ఇన్నాళ్ళూ కట్టపడిపోతన్నానని నా దగ్గర ఏడిసినాడు దొంగసచ్చినోడు!" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇక నా కథకి వస్తాను. ఒకనాడు ఓనరు దగ్గర్నుంచి కబురు: ఆదివారం వస్తున్నాను, చూస్తాను, కంప్యూటరు లేని మిషను నవ్వులపాలయ్యేటట్టుంటే విప్పించి పట్టుకుపోతాను. అది విన్నాక మేస్త్రి రెండు రోజులు టీ తాగలేదు. పోర్టులో రిటైరయ్యే ముందే ఆయన వించి దగ్గరికి కొత్త యంత్రం వచ్చి ఆయన చేతులకి పని పోయింది. ఈ మూడు లివర్లూ పోతే ఆ చేతులు ఇంట్లో ఒళ్ళో పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఆదివారం చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఓనరుకి మంచుకొండ మీద జారే బండి బొమ్మ చూపిద్దామన్నాడు. "గోదారీ, నీదేటి పని? ఐసు. అంతే. మరేటీ సెయ్యకు."

మంచుకొండ బొమ్మకి తెర పక్కన ఒక డ్రమ్ము ఉండేది. అందులో ఐసు నింపి, వెనకనుంచి పెద్ద ఫాను పెడితే హాల్లోకి చల్లగాలి కొట్టేది. ఐసు పొద్దున్నే మద్దిలపాలెం వెళ్ళి ఐసు కంపెనీలో తేవాలి. నేను దారిలో టీ కొట్టు దగ్గర ఆగి, ఓనరు నన్ను చూడ్డానికే వస్తున్నాడని నలుగురికి చెబుతూ కూచున్నాను. వెళ్ళేసరికి ఐసు అయిపోయింది. పరుగున హార్బరుకి పోతే అక్కడి దిమ్మలన్నీ అప్పటికే బోట్లకెక్కిపోయాయి. ఒక బోటాయన జాలిపడి, వేట నుంచి తిరిగొచ్చిన బోటులో చేపల అడుగున మిగిలిన ఐసు గోనెసంచిలోకి ఎత్తిచ్చాడు. మూడుసార్లు కడిగాను. అయినా అనుమానం తీరక రెండు గుప్పెళ్ళు గంధప్పొడి చల్లాను.

ఓనరు, ఆయన భార్య మధ్య వరసలో కూచున్నారు. మిగతా సీట్లన్నీ నిండాయి, చివరి వరసలో నూకాలు కూడా ఉంది. దీపాలు ఆర్పారు. తెర మీద తెల్లటి కొండ, దాని మీంచి బండి దూకింది. ఫాను తిరిగింది. ముందు గంధం వచ్చింది. దాని వెనకాల, పెళ్ళికొడుకు వెనక బంధువర్గం వచ్చినట్టు, వంజరం చేప వచ్చింది. ఓనరు భార్య చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మొదటి వరస కుర్రాడొకడు, "బావా, మంచుకొండ మీద సేపల మార్కెట్ ఏటిరా!" అన్నాడు. నా కాళ్ళు చల్లబడ్డాయి, ఐసు అవసరం లేకుండానే. నూకాలు చివర్నుంచి అరిచింది: "ఓలమ్మో, మా ఆయన బోటు కొండెక్కిపోయినాదేటి!"

హాలంతా గొల్లుమంది. అది ఎటు తిరుగుతుందో తెలియని నవ్వు. అప్పుడు మైకులో మేస్త్రి గొంతు వినిపించింది. ఆయన మైకు ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"బాబూ, గట్టిగా పట్టుకోండి. మన బండి దారి తప్పీసినాది. కొండ దిగి తిన్నగా హార్బరుకి పోతన్నాది. అదిగో, ఎడమ పక్క వలలు ఆరేసినారు, తల వంచుకోండి!"

మూడు వరసలూ ఒకేసారి ఎడమకి ఒరిగాయి. ఇరవైమూడు తలలూ వంగాయి, ఓనరు తల కూడా. "అదిగో, నూకాలు బుట్ట అడ్డం వచ్చినాది, ఎగరండి!" ఎగిరారు. తెర మీద మంచు, సీట్ల కింద విశాఖపట్నం. ఆ పది నిమిషాలు ఆ మనిషి చేతులు రెండూ, మోకాలూ ఎక్కడెక్కడ తిరిగాయో చెప్పడం నా తరం కాదు. దీపాలు వెలిగేసరికి ఓనరు భార్య నవ్వి నవ్వి ఆ చెంగుతోనే కళ్ళు తుడుచుకుంటోంది.

ఓనరు కిటికీ దగ్గరికొచ్చాడు. "మిషను ఇక్కడే ఉంటుంది మేస్త్రీ. మీరూ ఉండాలి. ఇంతకీ ఈ వాసన ఆలోచన ఎవరిదయ్యా?"

"మా గోదారిది బాబూ," అన్నాడు మేస్త్రి, తడుముకోకుండా.

ఇక్కడే నేను ఒప్పుకోవలసింది. ఆ క్షణంలో నేను నోరు విప్పవచ్చు. విప్పలేదు. పైగా చేతులు కట్టుకుని, వినయంగా తల వంచి, "ఏదో, తోచింది సార్," అన్నాను. ఓనరు నా భుజం తట్టాడు. ఆ తట్టిన భుజాన్నే ఇంతకాలం ఊరంతా చూపిస్తూ తిరిగాను.

అందరూ వెళ్ళాక డ్రమ్ము కడుగుతూ అడిగాను. "ఐసు ఎక్కడిదో మీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు గోనె గుమ్మంలో దించినప్పుడే. ఇది ముప్పయ్యేళ్ళు పోర్టులో ఉన్న ముక్కురా."

"మరి ఆపలేదేం?"

"జనం కూకునీసినారు కదేటి. కూకున్నోళ్ళని లేపకూడదు, నడపాల."

"నా పేరెందుకు చెప్పారు?"

"పొరపాటని సెప్తే ఆయనకి పొరపాటే కనపడతాది. నీ ఆలోచనంటే ఆట కనపడతాది. నిజం నీ దగ్గరే ఉందిలే. సెప్పాలనిపించినప్పుడు సెప్పుకో. తొందరేటీ లేదు."

తొందర లేదన్నాడు కదా అని నేను పాతికేళ్ళు తీసుకున్నాను. ఆ షెడ్డు ఇంకో అయిదేళ్ళు నడిచింది. చేపల వాసన కావాలని అడిగి మరీ వచ్చినవాళ్ళున్నారు, ఇది మాత్రం అబద్ధం కాదు. మేస్త్రి పోయి కూడా చాలా ఏళ్ళయింది.

మొన్న సినిమా అయ్యాక మాల్ మెట్లు దిగుతూ లహరి అంది, "తాతా, ఇంకోసారి చెప్పు, వెయ్యిమంది చూశారు కదూ?" నాకెందుకో ఆ పూట వెయ్యి నోట్లోంచి రాలేదు. మెట్ల మీదే కూచుని, టీ కొట్టు నుంచి గంధప్పొడి దాకా అంతా చెప్పేశాను. అది బుగ్గన చెయ్యి పెట్టుకుని విని, తిడుతుందేమోనని నేను చూస్తుంటే, ఒకటే అడిగింది. "ఇన్నేళ్ళుగా చెబుతున్నావు, ఆయన పేరు ఎప్పుడూ చెప్పలేదేం?"

అప్పలస్వామి మేస్త్రి, అన్నాను. ఎవరి ముందైనా ఆ కథలో ఆ పేరు పలకడం అదే మొదలు. కొంచెం తేలికయ్యాను. దానికి ఇంకోటి చెప్పలేదు, ఇక్కడ చెబుతాను. లోపల సినిమా ఆడుతున్నంతసేపూ నేను తెర చూసింది తక్కువ. మెడలు చూశాను. మా ముందు వరసలో ఒక పెద్దావిడ మెడ, తుపాను మొదలవగానే, భుజాల్లోకి దిగిపోయింది. నా ప్రమేయం లేకుండానే నా కుడిమోకాలు మెల్లగా లేచింది, ఆవిణ్ణి నెమ్మదిగా దించడానికి.