నజీరె కుట్టిన ఎర్ర రిబ్బను

టర్కీలో నల్లసముద్రం ఒడ్డున మా రేవులో వలలు బాగుచేసే నజీరె ఇంట్లో, మేడ మీద గదిలో నేను ముప్ఫై ఏళ్లు అద్దెకున్నాను. ఆ ఊరి బడిలో పంతులమ్మని. నజీరె ఊళ్లో అందరి గురించీ న్యాయంగానే మాట్లాడేది, ఒక్క తమ్ముడు బెసిమ్ గురించి తప్ప.

వాళ్ల నాన్న హలీం పడవ సరంగు. స్వాతంత్ర్య యుద్ధం రోజుల్లో దూరాన ఆగిన ఓడల నుంచి మందుగుండు పెట్టెలను పడవలో ఒడ్డుకు చేర్చేవాడు. వాటిని ఆడవాళ్లూ పిల్లలూ కొండ మీదికి మోసేవారు. నజీరెకు అప్పుడు ఎనిమిదేళ్లు. పెట్టె పగిలి ఒలికిన తూటాలను తువ్వాలులో మూటగట్టి వీపున మోసేది. బెసిమ్ ఇంకా పుట్టలేదు. యుద్ధం గెలిచాక ప్రభుత్వం పతకాలిచ్చింది. యుద్ధరంగంలో పోరాడినవాళ్ల పతకానికి ఎర్ర రిబ్బను, వెనక ఉండి సాయపడ్డవాళ్లకు తెల్లది. హలీంకు తెల్లది వచ్చింది.

ఆఖరి తొమ్మిదేళ్లూ హలీం మంచానే ఉన్నాడు. మొగుడు పోయి పుట్టింటికి చేరిన నజీరే అన్నీ చూసింది. బెసిమ్‌కు కూడలిలో టీ కొట్టు ఉండేది. శుక్రవారం శుక్రవారం వచ్చి, తండ్రి పక్కన కాసేపు కూర్చుని వెళ్లేవాడు. ముసలాయన పోయాక పతకం చట్టప్రకారం మగబిడ్డకు చెందింది. నజీరె తొమ్మిదేళ్లు పెద్దది, కానీ ఆడపిల్ల.

ఆ ఏడాది నుంచి ప్రతి అక్టోబరులో గణతంత్ర పండక్కీ బెసిమ్ నల్లకోటు మీద పతకం పెట్టుకుని, యుద్ధంలో పాల్గొన్న ముసలివాళ్ల వరసలో నడిచేవాడు. నజీరె నా పక్కన జనంలో నిలబడి చూసేది. వాడి నడక చూసిందంటే ఆ రాత్రి అన్నం సయించేది కాదు. "ఎలా నడుస్తున్నాడో చూడండి, టీచరమ్మా. పడవ వాడే తోలినట్టు," అనేది. ఒకసారి మొహం మీదే అనేసింది, నేను మూటలు మోసేటప్పటికి నువ్వు అమ్మ కడుపులో కూడా లేవు అని. దానికి బెసిమ్ నవ్వి, "అయితే చట్టాన్ని అడుగక్కా, నన్నెందుకు అడుగుతావు?" అన్నాడు. ఆ నవ్వును ఆవిడ ఏళ్ల తరబడి మోసింది.

పందొమ్మిదొందల యాభై ఏడులో, పండక్కి వారం ముందు, బెసిమ్ భార్య నిగార్ పతకం తీసుకొచ్చింది. రిబ్బను చివికి, ఉప్పుగాలికి మరకలు పట్టి, అసలు ఏ రంగో తెలియకుండా పోయింది. "కొత్తది కుట్టిపెట్టు వదినా, మన ఊళ్లో నీ చేతిపని ఎవరికీ రాదు," అంది. నజీరె రెండు రోజులు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూడో రోజున ఎర్ర సిల్కు కొని కుట్టింది.

బెసిమ్ చూసి ఆశ్చర్యపోయాడు. నాన్నది తెల్లది కదా అని అడిగాడు. ఎర్రదే, వెలిసిపోయింది, నాన్న ఒకసారి సైన్యంతో కూడా వెళ్లాడు, నీకు చెప్పలేదా అంది నజీరె. పతకంతో వచ్చిన కాగితం చూపించి, ఇదిగో రాసుంది అని కూడా అంది. అది అరబ్బీ అక్షరాల పాత లిపిలో ఉంది. కొత్త అక్షరాలు వచ్చాక బడికెళ్లిన బెసిమ్ దాన్ని చదవలేడు. అయినా, చదవగలిగినా వాడు నమ్మేవాడేమో. ఎర్ర రిబ్బను చూసి వాడి మొహం అలా వెలిగిందని ఆవిడే నాతో తరవాత చెప్పింది.

పండగ రోజున వరసలో బెసిమ్ పక్కనే దుర్సున్ సార్జెంటు నిలబడ్డాడు. మోకాలిలో ఇప్పటికీ తూటా ముక్క ఉన్న మనిషి, ఎర్ర రిబ్బను మనిషి. ఆయన బెసిమ్ ఛాతీ వంక చాలాసేపు చూశాడు.

"మీ నాన్న ఎక్కడ పోరాడాడు నాయనా? సకార్యా దగ్గరా?"

బెసిమ్ తడబడి, సకార్యానే అన్నాడు.

"ఏ దళం?"

బెసిమ్ పతకాన్ని అరచేత్తో కప్పుకున్నాడు.

"హలీంని నేనెరుగుదును. పడవ దిగి నేల మీదికొస్తే కళ్లు తిరిగేవి ఆయనకి. తీసెయ్యి."

అందరూ చూస్తుండగా బెసిమ్ పతకం విప్పి జేబులో వేసుకుని, వరస వదిలి వెళ్లిపోయాడు. నజీరె గుండెల్లో చల్లగా అనిపించిందట. ఇంటికొచ్చి కడుపునిండా తింది కూడా. అది నేను చూశాను.

కానీ మర్నాటి నుంచి టీ కొట్లలో మాట బెసిమ్ గురించి కాదు, హలీం గురించి. సరంగు ఇంట్లో గొప్పలు చెప్పుకునేవాడట, లేని యుద్ధం చేశానని పిల్లల్ని నమ్మించాడట. వలలు తెచ్చిన జాలరి ఒకడు ఆవిడ ముందే నవ్వాడు. నాలుగు రోజులు ఓర్చుకుంది. అయిదో రోజున తల గుడ్డ సరిచేసుకుని, ఆడవాళ్లెవరూ అడుగుపెట్టని బెసిమ్ టీ కొట్టులోకి నేరుగా వెళ్లింది. నేను గుమ్మం దాకా వెళ్లాను.

"రిబ్బను మార్చింది నేను. మా నాన్న అబద్ధమాడలేదు, మా తమ్ముడూ ఆడలేదు. కుళ్లుకొద్దీ చేశాను," అంది.

మూల కూర్చున్న దుర్సున్ సార్జెంటు, ఆ రోజుల్లో నువ్వేం మోశావు అని అడిగాడు. తూటాలని చెప్పింది.

"మాకు తడిసిపోయి అందేవి."

"సముద్రానికి చెప్పు బాబాయ్," అంది నజీరె. ఇద్దరు ముగ్గురు నవ్వారు. సార్జెంటు తన గ్లాసు ఆవిడ వైపు జరిపి, కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చోలేదు. బెసిమ్ ఒక్కడే తలెత్తలేదు.

రెండేళ్లు అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు. నిగార్ వచ్చీరాని చేత్తో తెల్ల రిబ్బను కుట్టింది. బెసిమ్ అదే పెట్టుకుని మళ్లీ నడిచాడు. తన కూతురి పెళ్లికి వచ్చి అక్కను పిలిచాడు. ఆ తరవాత చేపల ధరల గురించీ కప్పు మరమ్మతుల గురించీ మాట్లాడుకునేవారు. పతకం మాట ఎత్తేవారు కాదు. అయినా ప్రతి అక్టోబరులో ఆవిడ మొహం ముడుచుకునేది. ఒప్పుకున్నంత మాత్రాన కుళ్లు పోలేదు, దాన్ని దాచుకునే పని మాత్రం పోయింది.

డెబ్భై తొమ్మిదిలో బెసిమ్ పోయాడు. అంకారాలో గుమాస్తాగా ఉన్న వాడి కొడుకు వచ్చి, పతకం కవరులో పెట్టుకుని బస్సెక్కాడు. నజీరె సాగనంపి వచ్చి మెట్ల మీద కూర్చుంది. అప్పటికామెకు అరవై ఆరేళ్లు. ఏడుస్తుందేమోనని పక్కన కూర్చున్నాను.

"వాడున్నన్నాళ్లూ వాడి మీద మండేది టీచరమ్మా," అంది. "ఈ కుర్రాడి మీద మండిపడదామంటే, వీడి మొహమే నాకు సరిగ్గా తెలీదు."