గెడ్డ గట్టు

మా పెందుర్తి దగ్గర చెరువు పక్కగా పారి అందులోనే కలిసే గెడ్డ గట్టు మీది రెల్లునంతా పొక్లెయిన్‌తో వేళ్లతో సహా పెకలించేశారు. దానికి శుభ్రం చేయడమని పేరు. మొన్నటి వానకు గట్టు విరిగి గెడ్డలో పడింది. ఆ ఎర్రమట్టంతా చెరువులోకి చేరింది. ఇప్పుడు చేపలు గాలి అందక నోళ్లు పైకి తెరుస్తున్నాయి.

ఆ పచ్చిమట్టి వాసనకు మా మామ్మ గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఇంటికప్పుకు రెల్లు కావాలంటే కొడవలితో పైపైనే కోసేవారు, వేరు జోలికి పోయేవారు కాదు. ఒకసారి బాణం చేసుకుందామని నేనొక దుబ్బు పట్టి లాగాను.

"ఓరి గుంటడా! గట్టు ఎముకలు లాగేత్తన్నావేట్రా?" అని మామ్మ కేకేసింది.

తెల్లటి వేళ్లు చూసి నిజంగా ఎముకలే అనుకున్నాను. గట్టుకు నొప్పెడుతుందేమోనని మట్టి కప్పి, చేత్తో నిమిరాను. మామ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. బడి మొహం చూడని నాకు ఆ మాట అర్థం కావడానికి చాలా వానలు పట్టింది.

మిగిలిన గట్టుకైనా రెల్లు నాటించండయ్యా అని ఈ వయసులో ఆఫీసుల చుట్టూ తిరిగాను. చివరికొక ఇంజనీరు జవాబిచ్చాడు:

"గెడ్డ మాదే తాతా. సెరువు ఇంకో ఆఫీసోళ్లది. మద్దిన గట్టు ఎవరిదో మాకూ తెల్దు. నీకేటైనా తెలిస్తే సెప్పు."