తిరగేయని చీర

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చీరలు మడతపెట్టే దుకాణంలో, పరుపు మీద బిక్షపతి కాక కూర్చునేవాడు. పోచంపల్లిలో మగ్గం మీద పెరిగిన మనిషి. దుకాణం ఆయన మేనల్లుడు ఉపేందర్‌ది. నేతగాళ్లు తెచ్చిన చీరను కాక ముందు చూస్తాడు, తర్వాత తిరగేస్తాడు. నేసినదానికి రెండు వైపులా ఒకటే రంగు. అచ్చువేసినదైతే వెనక వెలవెలబోతుంది. ఆయన సరే అంటేనే చీర లోపలికి వచ్చేది. ఆ మాట మీదే ఆయన బతుకు.

పోయిన ఎండాకాలం నుంచి ఏ చీర చూసినా గీతలు వంకర అనసాగాడు. దారాలకు కట్లు కట్టి, రంగులద్ది నేసే చీరలో అంచులు ఎలాగూ కాస్త చెదురుతాయి. అందుకే ఆయనకు అనుమానం కంటి మీద రాలేదు, నేతగాళ్ల మీద వచ్చింది.

"కట్లు కట్టుడు మర్చినవా, తాగి కట్టినవా?" అని దశరథ అనే నేతగాడి చీరను అందరి ముందూ విసిరేశాడు. దశరథ దాన్ని తీసుకొని పోయాడు.

ఎల్బీ నగర్‌లో ఇంటి తలుపు కూడా వంగి కనిపించాకే భార్య కౌసల్య ఆయన్ని దవాఖానకు తీసుకెళ్లింది.

"వయసు వల్ల కంటి వెనక పొర కింద కొత్త రక్తనాళాలు పుట్టాయండీ. అవి పల్చనివి. రక్తం కారి మధ్య చూపు పోయింది. ఇంజెక్షన్లతో మిగిలింది కాపాడాలి. ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని అడిగిందట డాక్టరమ్మ.

"మందిల తప్పులు వట్టిండు" అందట కౌసల్య.

"ఎవ్వరికీ చెప్పకు మామా. గుడ్డోడు ఏరిన చీరలు ఎవలు కొంటరు? ఊకె తలూపు" అన్నాడు ఉపేందర్.

కాక వినలేదు. తప్పు తన కంటిదేనని, ఒక్కసారి రమ్మని దశరథకు కబురు పంపాడు.

దశరథ వచ్చేసరికి దుకాణం నిండా పెళ్లివాళ్లు. "కొత్త చీర కాకా, జర చూడు" అని ఒళ్లో పరిచాడు. కాక తల పక్కకు తిప్పి కంటికొసతో చూశాడు. చెయ్యి చీర కొస దాకా వెళ్లి ఆగింది. తిరగేస్తే దశరథను మళ్లీ నమ్మనట్టే.

"మస్తుగుంది దశరథా. గిదీ నేతంటే!" అన్నాడు అందరికీ వినపడేలా.

దశరథే చీర తిరగేశాడు. వెనకంతా తెల్లగా ఉంది.

"మూసారాంబాగ్‌ల రోడ్డు మీద కొన్న కాకా. అచ్చుది."

ఎవరో కిసుక్కుమన్నారు. "అయితే మేం తీసుకున్నవాటిలో ఎన్ని అచ్చువో!" అంటూ పెళ్లికూతురి తల్లి లేచింది. కాక ఆ చీరను వేళ్లతో తడుముతూనే ఉన్నాడు.

"మామా, లెవ్వు. రేపటి సంది దశరథ చూస్తడు" అన్నాడు ఉపేందర్.

కాక పరుపు దిగి, చెప్పుల కోసం కాలితో వెతుక్కున్నాడు. అవి దశరథ పాదాల దగ్గరే ఉన్నాయి. దశరథ వాటిని చూశాడు. చూసి, వెళ్లి పరుపు మీద కూర్చున్నాడు.