ప్రతి ఆదివారం చంపేవాడికి తుపాకీ కార్డా?

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలరాయుణ్ణి. నన్ను చీమ కుడితే నాగుపాము కరిచిందంటాను, అడక్కపోయినా దాని పడగ మీది మచ్చలు కూడా వర్ణిస్తాను. కాబట్టి ఇందులో సగం తీసేసి చదువుకోండి. ఏ సగమన్నది మీ ఇష్టం.

న్యూజెర్సీలో రైలు స్టేషన్ పక్కన మాకో షాపుంది. పాలు, సిగరెట్లు, లాటరీ టికెట్లు అమ్ముతాం. అగ్గిపెట్టెంత షాపు. ఇద్దరు కస్టమర్లొస్తే ఒకరు ఊపిరి వదిలాకే రెండోవారు పీల్చాలి. ఒక మిట్టమధ్యాహ్నం తాటిచెట్టంత మనిషి ముసుగేసుకుని వచ్చి, మా ఆవిడ నుదుటికి పిస్తోలు గురిపెట్టి, గల్లాపెట్టె ఊడ్చుకుపోయాడు. ఆ సమయంలో నేను హోల్‌సేల్ గోడౌన్‌లో చిప్స్ పెట్టెలు ఎత్తుతున్నాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ కొప్పు బిగించి ఆడపులిలా మళ్ళీ కౌంటర్ ఎక్కింది. ఆ కౌంటర్ కింద ఇక తుపాకీ ఉండి తీరాల్సిందే అన్నాను.

ఈ దేశంలో తుపాకీ హక్కు రాజ్యాంగంలోనే ఉంది. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి ఆ రెండో సవరణను పరలోక ప్రార్థన కంటే శ్రద్ధగా బట్టీ పట్టాను. తీరా చూస్తే, మా రాష్ట్రంలో ఆ హక్కు వాడుకోవాలంటే ముందు పోలీసుల దగ్గర కార్డు తీసుకోవాలట! వేలిముద్రలు ఇవ్వాలట! వీసాకీ, గ్రీన్‌కార్డుకీ, సిటిజన్‌షిప్‌కీ ఇచ్చి ఇచ్చి నా వేళ్ళ మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. అది చాలదన్నట్టు, నేను మంచివాణ్ణని ఇద్దరు చెప్పాలి.

మా తెలుగు చర్చిలో నా పక్కన నిలబడి పాడే మిత్రుడి పేరిచ్చాను. ఆఫీసర్ అతనికి ఫోన్ చేసి, నేనెలాంటివాణ్ణని అడిగాడు.

"వెరీ గుడ్ మ్యాన్ సర్," అన్నాడు మావాడు. అక్కడితో ఆగొచ్చుగా! "హి కిల్స్ అస్ ఎవ్రీ సండే. వన్స్ హి స్టార్ట్స్, నోబడీ ఎస్కేప్స్."

ప్రజల క్షేమం దృష్ట్యా కార్డు ఇవ్వలేమని జవాబొచ్చింది.

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, జోకులేసి నవ్వించేవాణ్ణి మా భాషలో 'చంపుతున్నాడ్రా బాబూ' అంటామని గొంతు పోయేదాకా వివరించాను. అద్దం వెనకాయన కోర్టులో అప్పీల్ చేసుకోమన్నాడు.

"నేను నిన్ను పొగిడానన్నా!" అన్నాడు మిత్రుడు ఫోన్లో.

"ఇంకా నయం, జోకులు పేలుస్తాడని చెప్పలేదు. మా ఇంటిమీదికి హెలికాప్టర్లొచ్చేవి."

ఈ కార్డుల చట్టమే రాజ్యాంగ విరుద్ధమంటూ ఫెడరల్ కోర్టులో కేసు నడుపుతున్న లాయరమ్మ నన్నూ అందులో చేరమంది. చేరాను. చేరనా మరి! ప్రార్థన చేసుకోవడానికి ఇద్దరు సాక్షులు కావాలా? నోరు తెరవడానికి లైసెన్సు కావాలా? నిజానికి నాలాంటివాడి నోటికే ఉండాలి లైసెన్సు, మా చర్చి మొత్తం సంతకాలు పెడుతుంది. హక్కన్నాక అది పక్కవాడి ఇంగ్లీషు మీద వేలాడాలా? ఆ ముసుగువాడు ఏ కార్డు పట్టుకుని మా షాపులోకొచ్చాడు? వాడు బుద్ధిమంతుడని ఏ ఇద్దరు చెప్పారు?

కోర్టులో ప్రభుత్వ లాయరు, ఈ కార్డులుంటేనే ప్రమాదకరమైన మనుషుల చేతికి తుపాకులు వెళ్ళవని వాదించాడు. ఎవరా ఆ మనిషని వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

ఇంటికి రాగానే మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏమన్నారు?"

"వాయిదా. అయినా నువ్వు..."

"కార్డు రానీండి. అప్పుడు మాట్లాడదాం."

ఇక నేను అల్లిన ముక్క చెప్పాలి. మావాడు 'కిల్స్ అస్' అన్నమాట అక్షరాలా నిజం. తాటిచెట్టు కాస్త పొట్టిదై ఉండొచ్చు, అది నా అలవాటు. కానీ మర్నాడు మా ఆవిడ ఆడపులిలా కౌంటర్ ఎక్కిందన్నది పూర్తిగా కల్పన. ఆ మధ్యాహ్నం తర్వాత తను షాపు గడప తొక్కలేదు. కౌంటర్ కింద తుపాకీ ఉన్న రోజే వస్తానంది. కేసు ఇంకా నడుస్తోంది. తను పట్టపగలు ఇంట్లో గొళ్ళెం పెట్టుకుని కూర్చుంటోంది.