మోటారు వేస్తే తెగే నెట్

నేరేడుచర్ల రైస్‌మిల్లులో పెద్ద మోటారు వేయగానే కాంటా గదిలోని కంప్యూటర్‌కు నెట్ తెగిపోతోంది. తూకం చీటీ రాదు, లారీ కదలదు. గరిడేపల్లిలో గొర్రెలు కాచే గౌరయ్య కూతురు పుష్పలతకు, కోదాడలో కేబుల్ ఆఫీసు ఉద్యోగం మాని సొంతంగా నెట్ వైర్లు వేసే పని మొదలుపెట్టాక దొరికిన మొదటి పెద్ద ఖాతా ఈ మిల్లే. సాయంత్రంలోగా బాగుపడకపోతే సూర్యాపేట వాళ్లను పిలుస్తానని యజమాని రామలింగయ్య తేల్చి చెప్పాడు.

పుష్పలత నెట్‌ను పంచే స్విచ్ డబ్బా మార్చినా ఫలితం లేదు. దసరా దాకా సాఫీగా నడిచింది కదా! మిల్లు ఎలక్ట్రీషియన్ సాగర్‌ను పిలిచింది.

“పండుగకు ఏం మార్చినవ్, సాగర్?”

“మార్చుడేంది అక్కా? ఆయుధపూజకని గోడలకు రంగులేసినం. వైర్లు యేలాడితే బాగుండదని అన్నీ ఒక్క పైపులకే ఎక్కిచ్చిన. ఎంత నీట్‌గున్నదో సూడు.”

“మోటారు వైరు గూడా అండ్లనేనా?”

“దాన్నొక్కదాన్ని బయట పెడితే అలుగుతది గద.”

పుష్పలతకు ఒళ్లంతా హుషారు పాకింది. మోటారు అందుకునే క్షణంలో ఎగసే కరెంటు, ఆనుకుని ఉన్న సన్నని నెట్ వైరులోని సంకేతాలను చెదరగొడుతుంది. అనుమానం తేల్చుకోవడానికి, నెట్ వచ్చే మిల్లు ఆఫీసు నుంచి కాంటా గది దాకా మోటారు తీగకు దూరంగా మరో వైరును వాకిట్లో పరిచింది.

“ఇగ మోటారెయ్.”

మోటారు గర్జించింది. స్విచ్ డబ్బా మీది పచ్చ లైటు ఆరలేదు. “బంద్ చేసి మల్ల ఎయ్,” అంది. ఈసారీ ఆరలేదు. చప్పుడుకు రామలింగయ్య వచ్చాడు.

“వాకిట్ల వైరుంటే లారీలెట్ల పోతయ్, బిడ్డా?”

“ఉండదు సేటు. అవతలి గోడకు వేరే పైపు కొడత.”

“మొన్ననే ఏసిన రంగు. పెచ్చులూడితే?”

“రంగు కావాల్నో, లారీలు కదలాల్నో మీరే చెప్పుండ్రి.”

గేటు దగ్గర డ్రైవర్లు హారన్లు మోగిస్తున్నారు. “కొట్టు. వంకర మాత్రం పోవద్దు,” అన్నాడాయన.

కొత్త పైపులో రేకు తొడుగున్న షీల్డ్ వైరు లాగి, ఆ రేకును ఎర్తింగ్‌కు కలిపింది. మోటారు తీగను దాటక తప్పని ఒక్కచోట దాని పక్కన నడపకుండా అడ్డంగా దాటించింది. పిడుగుల భయం కూడా ఉంది కనుక రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్లు బిగించింది.

పొద్దు వాలకముందే మిల్లులోని యంత్రాలన్నీ ఒకేసారి వేశారు. చీటీ వెంట చీటీ వచ్చింది. లారీలు బారులు తీరి కదిలాయి.

“మిర్యాలగూడల మా తమ్ముని మిల్లు గూడా ఓసారి సూడు, బిడ్డా,” అన్నాడు రామలింగయ్య. “గాడ గూడా పైపులు సాగరే సదిరిండు.”

పుష్పలతకు నవ్వాగలేదు. “రేపే పోత, సేటు.”