బొట్టు పెట్టే చోటు

నాచారంలో పెళ్లి పత్రికలు టైపు చేసే మా షాపుకి ఆల్ ఇన్ వన్ కంప్యూటర్ కొన్నాను. అన్నీ తెరలోనే ఉంటాయి, పక్కన సీపీయూ డబ్బా ఉండదు.

ఏటా దసరాకి ఆ డబ్బాకే పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్లం. ఈసారి డబ్బా లేదు కాబట్టి మా ఆవిడ తెర పై అంచుకి తడి పసుపు పూసింది. దిక్కుమాలిన గాలి సందులన్నీ అక్కడే పెట్టారు. నీళ్లు లోపలికి దిగి మెషీన్ మొత్తం పోయింది.

ఉప్పల్ నుంచి సర్వీసు మనిషి వచ్చి చూశాడు. "ఇది ఇప్పనీకి రాదన్నా, మొత్తం మార్సాలె," అన్నాడు. పాతదైతే పక్క షాపువాడే మూత విప్పి బాగుచేసేవాడు.

ఆ వారమే కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "రాబోయే మోడల్లో మీకేం కావాలి సార్?"

ఒళ్లు మండింది. అయినా చెప్పాను. "మూత ఇప్పేటట్టు జెయ్యున్రి మేడం. ఏది ఖరాబైతే గదొక్కటే మార్సేటట్టు ఉండాలె. సందులు కిందికి పెట్టున్రి."

అంతా ఓపిగ్గా విని, "అంటే ఇంకా సన్నగా కావాలంటారు, అంతే కదా సార్?" అంది.

ఎదురుగా ఉన్న చచ్చిన తెరే నయమనిపించింది. అది కనీసం విన్నట్టు నటించలేదు.