అచ్చయ్య తోలుకొచ్చిన బాతు

మలయాలోని సుంగై సుమున్ కొబ్బరి ఎస్టేట్‌లో అచ్చయ్య పని ఏటంటే, కాయల్ని నీళ్ళలో నడిపించడం. దింపిన కాయలు కాలవలోకి దొర్లించేస్తారు. అచ్చయ్య మొలలోతు నీళ్ళలో దిగి, మేకల మందని తోలినట్టు వాటిని కొట్టు దాకా తోలుకొస్తాడు. గడతో పొడిచినావా, చెదిరిపోతాయి. పక్కనున్న నీళ్ళని మెల్లగా కదిపితే చాలు, కాయలు వాటంతటవే వస్తాయి. అదీ కిటుకు!

సముద్రం అక్కడికి పది మైళ్ళే. అయినా తెల్లదొరలు ఎమర్జెన్సీ అని ఎస్టేట్ చుట్టూ కంచె కట్టినకాడినుంచి అచ్చయ్య దాన్ని చూళ్ళేదు. అడవిలో దాక్కున్న తిరుగుబాటువాళ్ళకి తిండి అందకూడదని, కంచె గేటు దగ్గర రోజూ సోదా. వరసలో నిలబడాలి, టిఫిన్ క్యారియర్ మూత తియ్యాలి, రెండు చేతులూ పైకెత్తాలి. గింజ బియ్యం దొరికినా జైలే. ఆరేళ్ళు అలాగే గడిచినాయి.

మెర్డెకా, అదే స్వతంత్రం, వచ్చిన నెలలో బగాన్ డాటో ఒడ్డున సముద్రపు ఆటలు పెట్టినారు. పడవల పందెం, ఈత పందెం, నీళ్ళలో బాతుల్ని పట్టే పందెం. ఎస్టేట్ లారీలో అచ్చయ్యా, పెళ్ళాం పుష్పవల్లీ, పదేళ్ళ కూతురు జయమణీ బయల్దేరినారు.

ఒడ్డుకెళ్ళే దారిలో కొబ్బరాకుల పందిరి గుమ్మం కట్టి, దాని కింద ఒకాయన కాగితం జెండాలు పంచుతున్నాడు. అచ్చయ్య ఆయన ముందు ఆగినాడు. క్యారియర్ కింద పెట్టి మూత తీసినాడు. రెండు చేతులూ పైకెత్తి నిలబడిపోయినాడు!

ఆయనకేం తోచక, పైకెత్తిన చేతిలోనే ఒక జెండా పెట్టినాడు.

వెనక అందరూ గొల్లున నవ్వినారు. "అచ్చయ్యణ్ణే, మెర్డెకా వచ్చేసింది లా! చేతులు దించండి!" అని తోటి కూలీ కరుప్పయ్య కేకేసినాడు.

జయమణి మొహం ఎర్రబడిపోయింది. తండ్రికి దూరంగా, స్నేహితురాళ్ళ దగ్గరకెళ్ళి కూచుంది.

"చిన్నపిల్ల, దానికేటి తెలుస్తాది" అన్నాది పుష్పవల్లి.

అచ్చయ్యకి మాత్రం గుండెలో కలుక్కుమన్నాది. ఇవాళ సిగ్గుపడి పక్కకెళ్ళిన పిల్ల, రేపు పక్కకొస్తాదా? పడవలు పోయినాయి, వచ్చినాయి. ఎవరు గెలిచినారో అతను చూస్తే కదా!

బాతుల పందెమని పిలవగానే లేచి చొక్కా విప్పినాడు.

"ఏటండీ, ఈ వయసులోనా?"

"నీళ్ళు నాకు కొత్తేటే?"

పోటు మీదున్న సముద్రం. అందరూ బాతుల మీదకి దూకుతుంటే అవి కాళ్ళ సందుల్లోంచి జారిపోతున్నాయి. అచ్చయ్య గుండెలోతులో, దూరంగా నిలబడినాడు. అరచేతుల్తో నీళ్ళని మెల్లగా తనవైపు లాగినాడు. అలిసిపోయిన ఒక బాతు ఆ నీళ్ళతోనే తేలుకుంటూ వచ్చేసింది. ఇంకో మూరెడు దూరం. అంతలో వెనకనుంచి ఒక జాలరి వచ్చి, దాన్ని లటుక్కున ఎత్తుకుపోయినాడు.

"అది మా నాన్న బాతు!" జయమణి గౌనుతోనే నీళ్ళలోకి పరిగెత్తుకొచ్చింది. తెలుగులో ఒకసారి, మలయ్‌లో రెండుసార్లు అరిచింది.

"పోనీలేమ్మా."

"ఏటి పోనీ? నువ్వే తోలుకొచ్చినావు, నేను చూసినాను. నోరిప్పవేటి నాన్నా?"

"నోరిప్పడం మరిచిపోయినాను తల్లీ. గేటు దగ్గర ఎవరేటడిగినా 'లేదు తువాన్', లేదు దొరా, అంతే. ఇంకో మాట అన్నవాణ్ణి జీపెక్కించినారు. వాడు మళ్ళీ రాలేదు."

జయమణి అతని మణికట్టు పట్టుకున్నాది. "ఇప్పుడు చెప్పు మరి."

కమిటీవాళ్ళ బల్ల దాకా ఇద్దరూ నడిచినారు. అచ్చయ్య ఒంటిమీంచి నీళ్ళు కారుతున్నాయి. వచ్చీరాని మలయ్‌లో మొత్తం చెప్పినాడు. కమిటీ పెద్దాయన ఓపిగ్గా విని, ఎవరి చేతికి చిక్కితే వాళ్ళదేనని తేల్చేసినాడు.

అచ్చయ్య కదల్లేదు. "ఆ రూలు బాగోలేదు తువాన్. వచ్చే ఏడు మార్చండి" అన్నాడు.

పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని, ఎగాదిగా చూసి, పెన్సిలు తీసి ఏదో రాసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు లారీలో జయమణి తండ్రికి ఆనుకుని కూచుని, దారిపొడుగునా అందరికీ అదే కథ చెప్పింది. ఎస్టేట్ చేరేసరికి బాతు మేకంతయిపోయింది, తనంతట తనే వచ్చి నాన్న భుజమెక్కింది.

"ఓలమ్మో, ఎన్ని అబద్ధాలే!" అన్నాది పుష్పవల్లి.

"చెప్పనీయే" అన్నాడు అచ్చయ్య. "నాకూ వినాలనుంది."